నీటి పరీక్షలో లేనిది నీటికుక్క కాలేయంలో: ఒక నది కేసు

ఈ కేసులో నది పేరు రాయడం లేదు. ఊళ్ల పేర్లు, ఏ ఏడాది జరిగింది, ఎవరు డబ్బు పెట్టారు అన్నవి కూడా లేవు. చివరికి మాకు దారి చూపిన పిట్ట ఏ జాతిదో కూడా దాచాను. ఆ పేరు చెబితే ఈ రంగంలో ఉన్నవాళ్లు నదిని పది నిమిషాల్లో పట్టేస్తారు. మా ల్యాబ్ అంకెల బదులు ఎక్కువ తక్కువల పోలికలే ఇస్తున్నాను. నేను చేసిన తప్పులు మాత్రం దాచలేదు.

నేపథ్యం

మధ్యరకం నది. పైన కొండలు, గడ్డి భూములు. మధ్యలో ఓ మోస్తరు పట్టణం, దాని మురుగునీటి శుద్ధి కేంద్రం. కింద కొన్ని చిన్న పరిశ్రమలు, వాటిని దాటితే పొలాలు. నది బాగోగులు చూసే సంస్థ ఆరు వంతెనల దగ్గర నెలకోసారి నీళ్లు పట్టి పరీక్షకు పంపేది. వాళ్ల పట్టికలో పీఫాస్ వరుసలన్నిటిలోనూ ఒకటే మాట: గుర్తింపు పరిమితికి లోపు. అంటే ల్యాబ్ కొలవగలిగినదానికంటే తక్కువ.

పీఫాస్ అంటే కార్బన్, ఫ్లోరిన్ బంధాలతో అల్లిన వేల రసాయనాల కుటుంబం. నీళ్లూ నూనే రెండూ అంటనివ్వని గుణం ఉంది కాబట్టి వాన కోట్లకు, కాగితపు పొట్లాలకు, నూనె మంటలార్పే నురుగుకు వాటిని తెగ వాడారు. ఆ బంధం ఓ పట్టాన తెగదు, అందుకే ఒకసారి నేలలోకో నీళ్లలోకో వెళితే అక్కడే ఉండిపోతాయి. ఈ కుటుంబంలో పేరు మోసింది పీఫోస్. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద దానికి ఆంక్షలు వచ్చాయి. ఈ కేసుకు కావలసిన ముక్క ఇంకొకటుంది. పురుగుమందు డీడీటీలా, ఒకప్పుడు కరెంటు పరికరాల నూనెల్లో వాడిన పీసీబీల్లా పీఫోస్ కొవ్వులో దాక్కోదు, ప్రోటీన్లను పట్టుకుంటుంది. రక్తంలో, కాలేయంలో, గుడ్డులో వెతకాలి. ఈ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని ఎలా పక్కన పెట్టానో ముందు ముందు వస్తుంది.

వచ్చిన సమస్య

పట్టణానికి పద్దెనిమిది కిలోమీటర్లు దిగువన, రోడ్డు మీద బండి గుద్ది ఒక మగ నీటికుక్క (ఓటర్) చనిపోయింది. మంచి ఒళ్లున్న జంతువు, పొట్టలో చేప ముళ్లున్నాయి. పోస్ట్‌మార్టం చేసిన పశువైద్యుడు అలవాటు కొద్దీ కాలేయం దాచాడు. అందులో ఒక ముక్క పీఫాస్ పరీక్షకు వెళ్లింది. ఫలితం వచ్చిన మర్నాడు సంస్థ నుంచి నాకు ఫోన్. "మా నీళ్లలో లేనిది దీని కాలేయంలోకి ఎలా వచ్చిందండీ?"

నేను ముందు అడిగింది కాలేయాన్ని దేంట్లో చుట్టారని. అల్యూమినియం ఫాయిల్‌లో, అన్నాడు వైద్యుడు. పీసీబీల రోజుల నుంచీ అదే పద్ధతి, ప్లాస్టిక్ తగలకూడదని. పీఫాస్ పనిలో మాత్రం ఫాయిల్‌ను దూరం పెట్టమంటారు, తయారీలో దాని మీద ఏ పూత పడిందో తెలియదు కాబట్టి. ఫ్రీజర్‌లో మిగిలిన పెద్ద ముక్క తెప్పించి, పైపొర చెక్కేసి, నడిమి భాగాన్ని మరో ల్యాబ్‌కు పంపాం. దాదాపు అదే అంకె వచ్చింది. పీఫోస్ నిజంగానే ఉంది, చాలా ఉంది.

అప్పుడే ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాను. ఈ జంతువు బండి గుద్ది చచ్చింది, పీఫోస్‌తో కాదు. కాలేయంలోని అంకె అది ఏం తిన్నదో చెబుతుంది, దానికి జబ్బు చేసిందని చెప్పదు. ఈ రెండు వాక్యాలూ నివేదిక మొదటి పేజీలో ఉండాలని పట్టుబట్టాను. చనిపోయిన జంతువు ఫొటో పక్కన విషం అంకె పెడితే చదివేవాళ్ల మనసులో ఆ రెండూ వాటంతట అవే ముడిపడిపోతాయి.

ఇక నీటి పట్టిక. "లోపు" అన్న మాట వెనక ఉన్న పరిమితి చూస్తే లీటరుకు 10 నానోగ్రాములు. యూరోపియన్ యూనియన్ 2013లో పెట్టుకున్న ప్రమాణాల్లో నదులు, చెరువుల నీళ్లకు పీఫోస్ వార్షిక సగటు లీటరుకు 0.65 నానోగ్రాము, చేపలో కిలోకు 9.1 మైక్రోగ్రాములు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే సరిగ్గా 14,000 వస్తుంది. నీళ్ల నుంచి చేప దాకా వచ్చేసరికి పీఫోస్ అన్ని రెట్లు చిక్కబడుతుందని ఆ ప్రమాణాలు లెక్కగట్టుకున్నాయన్నమాట. ఈ నదిలో ఆ ప్రమాణానికి పది రెట్లు పీఫోస్ పారుతున్నా పట్టికలో "లోపు" అనే పడుతుంది. పరీక్షలో అబద్ధం లేదు, జల్లెడ కన్నాలే పెద్దవి.

అలాంటప్పుడు సన్నపు జల్లెడతో నది పొడవునా నీళ్లు మళ్లీ పరీక్షిస్తే సరిపోదా అని సంస్థ ఇంజనీరు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎక్కడ పట్టాలి? నదిలో కలిసే వాగులు, కాలువలు, గొట్టాలు లెక్కేస్తే డెబ్బై పైచిలుకు. సీసాలోకి వచ్చేది ఆ నిమిషపు నీళ్లు. నిన్నటి వాన, మొన్నటి ఎండ దాన్ని మార్చేస్తాయి. జంతువు అయితే వారాలో నెలలో తిన్నదంతా ఒంట్లో కూడేసుకుని ఉంటుంది. ముందు జంతువులతో వెతికే చోటు ఇరుకు చేసుకుని, అక్కడ నీళ్ల మీద డబ్బు పెడదాం అన్నాను. ఆ నిర్ణయం సరైనదే. జంతువును ఎంచుకోవడంలోనే దెబ్బతిన్నాను.

నీటికుక్క ఎంతవరకు చెప్పగలదు

కాలుష్యం కథలో నీటికుక్కది పాత పాత్ర. బ్రిటన్‌లో 1950ల చివర్లో వాటి సంఖ్య ఉన్నట్టుండి పడిపోయిందన్న సంగతి మొదట బయటపడింది వేట బృందాలు రాసుకున్న లెక్కల్లో. విత్తనాలకు, గొర్రెల ఉన్నికి పట్టించిన డీల్డ్రిన్ లాంటి పురుగుమందులే కారణమని తర్వాత తేలింది. కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 1992 నుంచి చనిపోయిన నీటికుక్కలను సేకరించి పరీక్షిస్తున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో దొరికిన 50 నీటికుక్కల కాలేయాల మీద 2022లో వచ్చిన పరిశోధనలో పీఫాస్ లేని జంతువు ఒక్కటీ లేదు. ఒక ప్రాంతం మొత్తం మీద ఏం జరుగుతోందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకదు.

చిక్కల్లా అది తిరిగే దూరంతోనే. మగ నీటికుక్క నది వెంట ముప్పై నలభై కిలోమీటర్లు తన ఇలాకాగా పెట్టుకోగలదు. శవం దొరికిన చోటు అది రోడ్డు దాటిన చోటే తప్ప, విషం తిన్న చోటు అయి తీరాలనేం లేదు. అయినా మొదటి సమావేశంలో అందరి వేళ్లూ పటంలో శవం దొరికిన చుక్కకు సరిగ్గా ఎగువనున్న శుద్ధి కేంద్రం మీదే ఆగాయి. నా వేలు కూడా.

ఇంకా శవాల కోసం చూద్దామా అంటే, ఏడాదికి రెండో మూడో దొరుకుతాయి. అవి కూడా రోడ్డు నదిని దాటే చోటే. అంటే మన నమూనాలను ఎంపిక చేసేది రోడ్లు. ఆ దారి మూసుకుపోయింది.

వేసిన తప్పటడుగులు

పెంటతో మొదలుపెట్టాం. నీటికుక్కలు రాళ్ల మీద, వంతెనల కింద పెంట వేసి హద్దులు గుర్తుపెట్టుకుంటాయి, ఏరుకోవడం తేలిక. పీసీబీల కాలంలో పెంటతో మంచి పని జరిగింది, ఆ ధైర్యం ఒకటి. కానీ ఒంట్లో ప్రోటీన్లను పట్టుకుని కూర్చున్న పీఫోస్ పెంటలోకి వచ్చేది కొద్దిగానే. వచ్చినది కూడా నిన్న తిన్న చేపదా, ఒంట్లో నిల్వ ఉన్నదా అన్నది విడదీయలేం. పైగా ఒక్కో రాయి మీద ఒకటికి మించి జంతువులు వేస్తాయి. డీఎన్‌ఏతో విడదీద్దామంటే పొద్దున్నే, తాజాగా ఏరినవాటిలోనే డీఎన్‌ఏ నిలిచింది. రెండు నెలలు తిరిగి సంపాదించిన అంకెలు పటం మీద పెడితే చల్లిన ఆవాల్లా ఉన్నాయి.

తర్వాతిది పూర్తిగా నా తప్పు. అయిదు చోట్ల వల సంచుల్లో ఆల్చిప్పలు కట్టి ఆరు వారాలు ముంచాను. ఆల్చిప్ప నాకు చేతికి అలవాటైన పరికరం. కదలదు, రోజంతా నీళ్లు వడకడుతుంది, ఎక్కడ కట్టామో అక్కడి సంగతే చెబుతుంది. లోహాలకు, పీసీబీలకు ఎన్నోసార్లు వాడాను. 1970ల నుంచి ప్రపంచమంతా తీరాల వెంట ఇదే పద్ధతిలో నిఘా పెట్టింది. ఆరు వారాల తర్వాత పరీక్షిస్తే పీఫోస్ దాదాపు శూన్యం. ఆ వారంలో జరిగిన సమావేశంలో, ఈ అయిదు చోట్లా నది శుభ్రంగానే కనిపిస్తోంది అనేశాను.

ఇంటికి వచ్చాక ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. చేపలతో, పిట్టలతో పోలిస్తే ఆల్చిప్పల్లో పీఫోస్ బాగా తక్కువగా చేరుతుంది. ఇది నేను ఇతరులకు చెప్పే పాఠమే. పరికరం మీద ప్రేమతో ప్రశ్నను మర్చిపోయాను. రెండు రోజుల తర్వాత సంస్థకు ఉత్తరం రాసి ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకున్నాను. అప్పటికే అది శుద్ధి కేంద్రం వాళ్ల చేతిలో నిర్దోషిత్వ పత్రంలా తిరుగుతోంది. దాన్ని వెనక్కి లాగడానికి నెల పట్టింది.

మూడోది పెద్ద చేపలు. గాలం వేసేవాళ్లు ఇచ్చిన వాటిలో కొన్నిటిలో పీఫోస్ గట్టిగానే ఉంది. తీరా విచారిస్తే సగం చేపలు గుడ్లు పెట్టే కాలంలో పాతిక కిలోమీటర్లు ఈదేవి. అన్నిటికంటే ఎక్కువ అంకె వచ్చిన చేప చెరువులో పెంచి ఆ ఏడాదే నదిలో వదిలింది! దాని ఒంట్లో ఉన్నది మా నది చరిత్ర కానే కాదు.

అడగాల్సిన ప్రశ్న

ఇక్కడ ఆగి, కాగితం మీద మూడు గీతలు గీశాను. మాకు కావలసిన జంతువు నీళ్లలో పుట్టిన మేత తినాలి, పీఫోస్‌ను ఒంట్లో పట్టి ఉంచాలి, అర కిలోమీటరు దాటి పోకూడదు. నీటికుక్క మొదటి రెండింటిలో నెగ్గుతుంది. ఆల్చిప్ప మొదటిదానిలో, మూడోదానిలో నెగ్గుతుంది. మూడూ ఉన్నది ఒక చిన్న పిట్ట.

నీళ్లలో లార్వాగా పెరిగి రెక్కలొచ్చి పైకి లేచే పురుగులుంటాయి. మేఫ్లైలు, కాడిస్ పురుగులు, దోమల్లా కనిపించే కుట్టని ఈగలు. అడుగు మట్టిలో ఉన్న రసాయనం వాటి ఒంట్లో పడి గాల్లోకి వస్తుంది. నీటి మీద ఎగురుతూ వాటిని పట్టే పిట్టల్లో కొన్ని మనం పెట్టిన చెక్క పెట్టెల్లో గూడు కడతాయి. ఉత్తర అమెరికాలో ట్రీ స్వాలో అనే పిట్టతో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. గూడు కట్టే రోజుల్లో అది మేత కోసం ఎక్కువగా అర కిలోమీటరు లోపే తిరుగుతుంది. మాకు దొరికింది కూడా అలాంటి అలవాట్లున్న పిట్టే. దీనిలో ఉన్న అసలు సుఖం వేరు. నమూనా ఎక్కడ దొరుకుతుందో అని వెతకనక్కర్లేదు, పెట్టె ఎక్కడ పెడితే నమూనా అక్కడికే వస్తుంది.

ఎనిమిది చోట్ల, చోటుకు అయిదు చొప్పున నలభై పెట్టెలు నాటాం. చోట్లు ఎంచేటప్పుడు శుద్ధి కేంద్రానికి పైన ఒకటి, కింద ఒకటి తప్పనిసరి అనుకున్నాం. ఎనిమిదో చోటు మీద వాదన జరిగింది. పట్టణానికి పైన, ఒక చిన్న వాగు నదిలో కలిసే మలుపు. ఎండాకాలంలో దూకి దాటొచ్చు, సంస్థ పటంలో దానికి పేరు కూడా లేదు. మా జట్టులో ఒకావిడ మాత్రం, ఇక్కడ ఎప్పుడూ ఎవరూ చూడలేదు కాబట్టే చూద్దాం అంది. నేను ఆ అయిదు పెట్టెలను పరిశ్రమల దగ్గర పెడదామన్నాను. ఆవిడే గెలిచింది.

గుడ్డు, పిల్ల, వానకోటు

మొదటి ఏడాది సగం పెట్టెలు కూడా నిండలేదు. నిండినవాటిలో అనుమతి ప్రకారం గూటికి ఒక్క గుడ్డే తీశాం. ఏ గుడ్డయినా సరే అని తీయడానికి లేదు. తల్లి తన ఒంట్లోని పీఫోస్‌ను సొనతో పాటు గుడ్డులోకి పంపుతుంది, మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ తేడా ఉండొచ్చు. అందుకే రోజూ ఉదయం వెళ్లి, పిట్ట బయటికి ఎగిరాక, చిన్న అద్దం, టార్చి లోపలికి పెట్టి చూసి, కొత్త గుడ్డు మీద మామూలు పెన్సిలుతో సంఖ్య వేసేవాళ్లం. మార్కరు నిషేధం, నీటికి చెరగని సిరాలో ఏముంటుందో ఎవరికెరుక. అన్ని గూళ్లలోనూ మూడో గుడ్డే తీశాం. అరచేతిలో పెడితే వేడి తగిలేది, బరువు మాత్రం తెలిసేది కాదు. ల్యాబ్‌లో నడిమి చుట్టూ కోసి, సొన మొత్తం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గొట్టంలోకి ఒంపేవాళ్లం. గాజుకు పీఫోస్ అంటుకుని ఉండిపోతుంది.

ప్రతి చోటా ఒక ఖాళీ గొట్టం కూడా మూత తీసి, అంతసేపూ గాలికి పెట్టి, మూసి తెచ్చేవాళ్లం. ఫీల్డ్ బ్లాంక్ అంటాం. మొదటి విడత ఫలితాలు వచ్చినప్పుడు మూడు చోట్ల ఆ ఖాళీ గొట్టాల్లో కూడా పీఫాస్ ఉంది. ఆ మూడు చోట్లా ఏం కలిసిందో అని డైరీలు తిరగేస్తే, మూడు రోజులూ వాన. ఆ రోజుల్లో పెట్టెల దగ్గరికి వెళ్లిన కుర్రాడు తన సొంత వానకోటు వేసుకున్నాడు, మంచి ఖరీదైనది, చుక్క అంటదు. చుక్క అంటకపోవడానికి దాని మీద పూసింది మేం వెతుకుతున్న కుటుంబానిదే. నిబంధనల కాగితంలో వానకోటు గురించి రాసే ఉంది. ఆ కాగితం మీద అతను సంతకం కూడా చేశాడు. వానలో తడుస్తూ ఎవరు పని చేస్తారన్నది మాత్రం నేను ఆలోచించలేదు. ఆ మూడు చోట్ల ఆ రోజులవి పక్కన పెట్టేశాం. తర్వాతి నుంచి పూతలేని రబ్బరు కోట్లు మేమే కొనిచ్చాం.

ఇంకో చిక్కు పిట్ట వలస. శీతాకాలం వేరే చోట గడిపి వచ్చిన తల్లి, అక్కడి పీఫోస్‌ను తెచ్చి గుడ్డులో పెట్టి ఉండొచ్చు. చిన్న పిట్టలు గుడ్డును ఎక్కువగా ఆ రోజుల్లో తిన్న మేతతోనే చేస్తాయన్నది నిజమే. కానీ ఒంట్లో నిలిచిన రసాయనం విషయంలో ఆ నమ్మకం సరిపోదు. పిల్లల సంగతి వేరు. అవి తినేదంతా ఈ అర కిలోమీటరుదే. పన్నెండో రోజున ఒక్కో పిల్ల నుంచి రెక్క నరం దగ్గర రెండు చుక్కల రక్తం తీశాం. పిల్లను చంపి మొత్తం శరీరం పరీక్షిస్తే లెక్క కచ్చితంగా వచ్చేది. నేను ఆ అనుమతి అడగలేదు, చోట్ల మధ్య పోలికకు రక్తం చాలు.

ఇక్కడ ఒక మోసం ఉంది. గుడ్డులో కంటే పిల్ల రక్తంలో గాఢత తక్కువ వస్తే విషం తగ్గిందని అనిపిస్తుంది. పన్నెండు రోజుల్లో ఆ పిల్ల గుడ్డు బరువుకు పది రెట్లకు పైగా పెరిగి ఉంటుంది. అదే పీఫోస్ అంత పెద్ద ఒంట్లో పరుచుకుంటే గాఢత పదో వంతుకు పడాలి. సగానికే పడిందంటే మిగతాది రోజూ మేతలో వస్తోందన్నమాట. బరువుతో గుణించి చూసేదాకా మాకు బొమ్మ తెలియలేదు.

అంకెలు చదవడం

గుడ్లలోనూ, పిల్లల్లోనూ అన్నిటికంటే పై అంకె పేరు లేని వాగు మలుపుదే. దానికి ఎగువన బాగా తక్కువ. దిగువకు పోయేకొద్దీ మెల్లగా దిగుతూ వచ్చింది. శుద్ధి కేంద్రం కింద చిన్న గుబ్బ ఒకటి ఉంది గానీ వాగు మలుపు ముందు అది దిగదుడుపే.

వెంటనే చెప్పేయలేదు, ఆల్చిప్పల బుద్ధి వచ్చింది కదా. ముందుగా మేతలో తేడా ఉందేమో చూడాలి. పిట్ట ఆహార గొలుసులో ఎంత పైమెట్టు మీద తింటోందో నత్రజని ఐసోటోపులతో, అంటే ఒకే నత్రజనిలో బరువు తేడా ఉన్న రూపాలతో కొలుస్తాం. మెట్టు ఎక్కేకొద్దీ బరువైన నత్రజని వెయ్యికి మూడు నుంచి నాలుగు వంతులు పెరుగుతుంది. శుద్ధి కేంద్రం కింది గుడ్లలో ఆ అంకె దాదాపు ఒక మెట్టుకు సరిపడా ఎక్కువగా ఉంది. కొత్తగా చేరిన సహచరుడు, అక్కడి పిట్టలు పైమెట్టు మీద తింటున్నాయి, గుబ్బకు కారణం అదే అన్నాడు. చూడ్డానికి చక్కగా ఉన్న వివరణ. కానీ మురుగునీటి నత్రజనే బరువైనది. అక్కడి నాచు, నాచు మేసే పురుగులు అన్నీ పునాది నుంచే బరువు. నాచు మేసే పురుగుల అంకెను తీసేసి చూస్తే అన్ని చోట్లా పిట్టలు ఒకే మెట్టు మీద ఉన్నాయి. కాబట్టి గుబ్బ నిజమైనదే, చిన్నదే అయినా. వాగు మలుపు శిఖరం మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక్క పెట్టె మొండికేసింది. వాగు మలుపులోనే ఉన్న తొమ్మిదో నంబరు. పక్క పెట్టెల్లో పీఫోస్ ఆకాశంలో ఉంటే దీనిలో మామూలుగా ఉంది. దీన్ని మినహాయింపు అని వదిలేయొచ్చు, చాలామంది వదిలేస్తారు. రెండో ఏడాది దాని వాకిలికి కెమెరా పెట్టాం. పక్క పెట్టెల పిట్టలు మేఫ్లైలు తెస్తుంటే, ఇది మిడతలు, గడ్డి ఈగలు తెస్తోంది. దాని వాకిలి నది వైపు కాకుండా వెనకనున్న గడ్డి మైదానం వైపు తిరిగి ఉంది. పెట్టె మేకు కొట్టిన వాళ్లకు చెట్టు అటు వీలుగా కనిపించింది, అంతే. నీళ్ల పక్కనే ఉన్నా నీటి మేత తినని పిట్టకు పీఫోస్ పట్టలేదంటే, వస్తున్నది నీళ్ల నుంచే. చెడిపోయిన పెట్టె అనుకున్నది మా దగ్గరున్న అన్నిటికంటే బలమైన సాక్ష్యం అయింది.

వాగు వెంట

ఇప్పుడు నీళ్ల మీద డబ్బు పెట్టాం. సన్నపు జల్లెడ ఉన్న ల్యాబ్, వానలు లేని వారం, వాగు వెంట పైనుంచి కిందికి రెండు వందల మీటర్లకొక సీసా. వానలు లేని రోజులే ఎందుకంటే, అప్పుడు వాగులో పారేది ఊట నీరు. నేల లోపలి కాలుష్యం పలచబడకుండా కనిపిస్తుంది. ఆరో సీసా దాకా నింపాదిగా ఉన్న అంకె ఏడో సీసాలో ఎగిరింది. రెండింటి మధ్య గట్టులోంచి ఒక పాత సిమెంటు గొట్టం, నాచు పట్టి, సన్నగా కారుతోంది. గట్టు పైన కంప చెట్లు కమ్మేసిన సిమెంటు గచ్చు, దాని మధ్యలో నల్లగా కాలిన మచ్చ.

అది ఒకప్పటి అగ్నిమాపక శిక్షణ స్థలం. నూనె పోసి మంట పెట్టి నురుగుతో ఆర్పడం నేర్పేవారు. మూసేసి చాలా ఏళ్లయింది. గొట్టం నీళ్లలో పీఫోస్‌తో పాటు దాని ఆరు కార్బన్ల చుట్టం పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ కూడా దండిగా ఉంది. పాత నురుగుల్లో ఈ జంట సాధారణం. గుడ్లలో, నీటికుక్క కాలేయంలో మాత్రం ఆ రెండోది అంతగా లేదు. మొదట ఇది మమ్మల్ని కంగారు పెట్టింది, మూలం వేరేదా అని. ఆరు కార్బన్లది నీళ్లతో సులువుగా కదులుతుంది గానీ చేపల్లో, పిట్టల్లో పీఫోస్ అంతగా చేరదు. పీఫోస్ నిలుస్తుంది. జంతువు శరీరం రసాయనాలను ఏరి దాచుకుంటుంది కాబట్టి మూలం వేలిముద్రను దాని కాలేయంలో వెతకకూడదు. ఆ పని నీళ్లది.

స్థలం హక్కుదారులు మొదట, శుద్ధి కేంద్రాన్ని వదిలేసి మా మీద పడ్డారేం అన్నారు. తొమ్మిదో పెట్టె కెమెరా దృశ్యాలు, ఏడో సీసా, గొట్టం నీళ్లు ఒకే బల్ల మీద పెట్టాక చర్చ మూలం ఎవరన్నదాని నుంచి ఏం చేయాలన్నదానికి మారింది. గొట్టాన్ని పట్టి కార్బన్ వడపోత గుండా మళ్లించారు. గచ్చు కింది మట్టి సంగతి ఇంకా తేలలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

జంతువును ఎంచే ముందు ఇప్పుడు ఆ మూడు గీతలు నిజంగానే గీస్తాను: ఏం తింటుంది, ఏం నిల్వ చేస్తుంది, ఎంత దూరం తిరుగుతుంది. రసాయనం మారితే రెండో గీతకు జవాబు మారుతుంది. పాదరసం అయితే ఈక, వెంట్రుక చాలు, జంతువును నొప్పించక్కర్లేదు. పీసీబీ అయితే ఆల్చిప్ప మళ్లీ నా మొదటి ఎంపికే.

ఏమీ కనబడలేదన్న ఫలితాన్ని బయట చెప్పే ముందు, ఉంటే ఈ పరికరానికి కనబడేదా అని మరొకరి చేత అడిగించుకుంటున్నాను. సమావేశంలో నోటిమాటగా ఫలితాలు చెప్పడం మానేశాను.

తీసిన ప్రతి గుడ్డులో సగం పరీక్షకు, సగం ఫ్రీజర్‌కు. ఈ అలవాటు ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ సరస్సుల నుంచి అరువు. అక్కడ 1974 నుంచి హెరింగ్ గల్ అనే నీటిపిట్ట గుడ్లను ఏటా అవే చోట్ల నుంచి తీసి దాస్తున్నారు. పీఫోస్ మీద చూపు పడ్డాక, అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఫ్రీజర్లలో ఉన్న గుడ్లను తీసి వెనకటి చరిత్రను కొలవగలిగారు. 1966లో స్వీడన్‌లో సోరెన్ యెన్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త పీసీబీలను పట్టుకున్నదీ డీడీటీ కోసం చేపలను, గద్దలను పరీక్షిస్తుంటే యంత్రం గ్రాఫులో పక్కన లేచిన పేరు తెలియని గీతల్లోనే. రేపు ఏ రసాయనం పేరు బయటికొస్తుందో మాకు తెలియదు, మా ఫ్రీజర్‌లో సగం గుడ్లయితే ఉన్నాయి.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. పెట్టెలు చవక. రోజూ ఉదయం పెట్టెల దగ్గరికి వెళ్లే మనుషులే ఖర్చు. నివేదికలో వాళ్ల పని ఒక్క వాక్యంలో పోతుంది, అంకెల మంచీ చెడూ మాత్రం ఆ వాక్యంలోనే ఉంది.

ప్రస్తుతం

వడపోత పెట్టాక పిట్టలు గూడు కట్టే కాలాలు రెండు గడిచాయి. వాగు మలుపు పిల్లల రక్తంలో పీఫోస్ మొదటి ఏడాదే గట్టిగా తగ్గింది, గుడ్లలో నెమ్మదిగా తగ్గుతోంది. తల్లుల ఒంట్లో పాతది ఇంకా ఉంది, అడుగు మట్టిలోనూ ఉంది. రెండు కిలోమీటర్ల దిగువన ఒక చోట మాత్రం రెండో ఏడాది అంకె కాస్త పెరిగింది. ఆ ఏడాది వరదకు వాగు మట్టి కొట్టుకొచ్చి అక్కడ మేట వేసింది, అదే కారణం కావచ్చు. మేట మీద ఇంకో మూడు పెట్టెలు నాటాం. నీటికుక్క ఆ తర్వాత మాకు మరొకటి దొరకలేదు. తొమ్మిదో పెట్టె వాకిలి ఇంకా గడ్డి వైపే ఉంది, ఎవరూ దాన్ని తిప్పకూడదని కింద ఒక రేకు కొట్టించాను.